నావ రంగు పెచ్చు

నాకు అసహ్యం తొందరగా పుడుతుంది. ఇంట్లో వాళ్లు దాన్ని జబ్బంటారు, ఆఫీసులో వాళ్లు నైపుణ్యం అంటారు. ఓడలు బాగుచేసే యార్డులో నాది పెయింట్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం. ఇనుము మీద రంగు సరిగా పడిందా లేదా చూసి, పడకపోతే గీకించి మళ్లీ వేయించడం నా పని. తుప్పు మీద పూసి పైకి నిగనిగలాడించేవాళ్లని, ఉప్పు కడక్కుండా అడుగు రంగు ప్రైమర్ కొట్టేవాళ్లని, ఒక కోటు ఆరకముందే రెండోది రుద్దేవాళ్లని రోజూ చూసి చూసి, ఇప్పుడు పెళ్లి మండపంలో స్తంభానికి వేసిన రంగు బాగాలేకపోయినా నాకు అన్నం సయించదు. మా ఆయన అనిరుధ్ నన్ను గృహప్రవేశాలకు తీసుకెళ్లడం మానేశాడు. గోడ మీద గోరు పెట్టి గీకుతానని భయం. ఒకసారి గీకాను కూడా.

శనివారం సాయంత్రాలు దువ్వాడలో మా ఫ్లాట్‌లో బల్ల చుట్టూ చేరి ఒక ఆట ఆడతాం. అనిరుధ్ కథ చెబుతాడు, మిగతావాళ్లం ఆ కథలో తలా ఒక మనిషి అవుతాం. తలుపు తీయాలా, పారిపోవాలా, రాక్షసుణ్ని పొడవాలా అన్నది మేం చెబుతాం. అది జరిగిందో లేదో పాచికలు చెబుతాయి. ఎవరు ఎక్కడ నిలబడ్డారో తెలియడానికి బొటనవేలంత బొమ్మలుంటాయి. వాటికి రంగులు వేసేది నేనే. రోజంతా ఇంకొకళ్ల పాపిష్టి పని చూసొచ్చాక, నాలుగు వెంట్రుకల కుంచెతో ఒక కత్తి పిడికి రంగు వేస్తూ కూర్చుంటే కడుపులో తిప్పడం తగ్గుతుంది. ఆటలో నేనొక మంత్రగత్తెని. ఆ బొమ్మ శాలువా అంచుకి నేను వేసిన జరీ చూసి కొత్తవాళ్లు ఫోన్ తీసి ఫొటో కొట్టుకుంటారు.

మా బల్ల దగ్గర అందరికీ నేను రంగేసిన బొమ్మలున్నాయి, దేవికి తప్ప. దేవిది పెదజాలారిపేట. రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఆటలో ఆమె ఒక నావ నడిపే మనిషి. చేతిలో బల్లెం, నడుం దాకా జడ, ఎవరన్నా భయం లేదు, రాజుగారికి కూడా మర్యాద ఇవ్వదు. దేవి రాని శనివారం మా ఆట ఉప్పు లేని పప్పు. అంత మనిషీ బల్ల మీద తన గుర్తుగా నిలబెట్టేది ఒక సోడా మూత. తుప్పు పట్టిన సోడా మూత. నేను నడుం పడిపోయేలా కూర్చుని రంగేసిన కోటకీ వంతెనకీ మధ్య ఆ మూత. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరించేది.

"దేవీ, నీకొక మంచి బొమ్మ ఇస్తానే. ఆ ముష్టి మూత అవతల పారెయ్" అని ఎన్నిసార్లు బతిమాలానో.

"ఒద్దక్కా. నాకు బొమ్మ ఉంది. వత్తాది" అనేది.

"ఎక్కణ్నుంచి వస్తుంది? నడిచొస్తుందా?"

"వత్తాదిలే" అని పాచికలు విసిరేది. ఆ మాట మీద ఇంకో మాట ఉండేది కాదు.

ఈ ఊళ్లో ఈ ఆట ఆడేవాళ్లంతా ఒక షేర్ ఆటోలో పడతారు. రుషికొండ దగ్గర ఐటీ ఆఫీసులో పనిచేసే కార్తీక్ కూడా అందులో ఒకడు. అనిరుధ్‌లాగే కథ చెబుతూ అక్కడ ఒక బల్ల నడిపేవాడు. దేవి మొదట ఆడింది ఆ బల్ల దగ్గరేనని తెలుసు గానీ ఎందుకు మానేసిందో నేనడగలేదు. మొన్న వేసవి మొదట్లో కార్తీక్ ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లిపోతూ, తన బొమ్మలన్నీ కలిపి అమ్మేస్తున్నానని కబురుపెట్టాడు. నేను స్కూటీ వేసుకుని వెళ్లాను.

వాడు వాటిని బిర్యానీ పార్సిల్ డబ్బాలో వేసి ఇచ్చాడు. మూత తీస్తే ఇంకా మసాలా వాసన. యోధుల కత్తులు వంగిపోయి ఉన్నాయి. ఒక గుర్రం తోకకి ఎండిన ఉల్లిపాయ ముక్క అంటుకుని ఉంది. డబ్బా అడుగున, అన్నిటి కిందా, ఒకటి చేతికి తగిలింది. తీసి చూసి మళ్లీ డబ్బాలో పడేశాను. బొద్దింక తగిలినా నేనంత తొందరగా చెయ్యి వెనక్కి తీసుకోను.

"ఇదేంటి?"

"ఓ, అదా. చెత్తండీ. ఎవరిదో పాతది, ఎవరూ అడగలేదు. ఉంచుకోండి" అన్నాడు కార్తీక్, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

ఇంటికొచ్చి బాల్కనీలో పేపరు పరిచి దాన్ని మధ్యలో పెట్టాను. ఆ బొమ్మ మీద రంగు వేశారనడం తప్పు. పాకంలో జిలేబీని ముంచినట్టు ముంచారు. ఒకసారి కాదు, చాలాసార్లు. మొహం ఉండాల్సిన చోట ఒక ముద్ద. కళ్లు లేవు, ముక్కు లేదు. చేతికీ నడుముకీ మధ్య ఖాళీ మొత్తం రంగుతో పూడిపోయింది. పాదాల దగ్గర కారి కారి గడ్డకట్టింది. పై కోటు ముదురు ఆకుపచ్చ, చెయ్యి పెడితే ఇంకా బంకబంకగా ఉంది. అందులో ఎవరిదో వెంట్రుక. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడటం నా ఉద్యోగంలో అలవాటు, అలాగే చూశాను. చేపనూనె. లేచి వెళ్లి నీళ్లు తాగొచ్చాను.

మా పనిలో ఒక పద్ధతుంది. చెత్త రంగు మొత్తం గీకించే ముందు ఒక పెచ్చు ఊడదీసి, కవర్లో వేసి, మీద రాసి దాచిపెడతాం. రేపు ఎవరైనా గొడవకొస్తే అది సాక్ష్యం. పెచ్చుని అడ్డంగా పట్టుకుని భూతద్దంలో చూస్తే కోటు మీద కోటు కనిపిస్తుంది. ఎవడు ఎక్కడ కక్కుర్తి పడ్డాడో అంతా అందులో ఉంటుంది. ఇంట్లో బొమ్మకి ఆ పద్ధతి అక్కర్లేదు. కానీ అంత ఘోరం చూశాక చెయ్యి ఊరుకోలేదు. పాదాల దగ్గర బ్లేడు పెట్టి అటుకంత పెచ్చు తీశాను. అడ్డంగా చూస్తే నీలం, పసుపు, మళ్లీ నీలం, ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ. అన్నిటికన్నా అడుగున, మొదటి రంగు కింద, ఇసుక రేణువులు. అంటే వేసినవాడు కనీసం బొమ్మని కడగలేదు. ఇసుక మీదే, ఉప్పు మీదే కొట్టేశాడు.

కవర్ మీద పెద్ద అక్షరాలతో "ఛండాలం" అని రాశాను. బొమ్మని గాజు సీసాలో వేసి డెట్టాల్ పోశాను. ప్లాస్టిక్ బొమ్మకి థిన్నర్ పోస్తే బొమ్మే కరిగిపోతుంది, డెట్టాల్ అయితే రంగుని మాత్రమే మెత్తబరుస్తుంది. అది నానుతుండగా బొమ్మ ఫొటో, పెచ్చు ఫొటో మా ఆట గ్రూపులో పెట్టి కింద ఇలా రాశాను: "ఇది చేసినవాడి చేతికి రంగు డబ్బా ఇచ్చినవాణ్ని ముందు తన్నాలి. ఉప్పు మీద, ఇసుక మీద, మురికి మీద కోటు మీద కోటు. పైగా చేపల కంపు. చూసి తరించండి. ప్రస్తుతం డెట్టాల్‌లో స్నానం చేస్తోంది."

నవ్వులే నవ్వులు. ఒకడు దాన్ని రాక్షసుల నాయకుణ్ని చేద్దామన్నాడు. అనిరుధ్ వంటింట్లోంచే నవ్వాడు. నాకు హుషారొచ్చింది, నిజం చెప్పాలంటే.

నానిన తర్వాత గ్లోవ్స్ వేసుకుని పాత పళ్ల బ్రష్‌తో తోమడం మొదలుపెట్టాను. రంగు పొరలు పొరలుగా ఊడి, వేళ్ల మధ్య చీమిడిలా సాగింది. ఆసుపత్రి వాసనా చేపల వాసనా కలిసి బాల్కనీ నిండిపోయింది. అంతలో ఫోన్ మోగింది. తెర మీద దేవి పేరు. చేతులకి మోచేతుల దాకా జిగురు. మోగి మోగి ఆగిపోయింది, వెంటనే మళ్లీ మోగింది. తర్వాత చేద్దాంలే అనుకున్నాను. అప్పుడే జడ ఒకటి బయటపడుతోంది, మధ్యలో ఆపబుద్ధి కాలేదు.

చేతులు కడుక్కుని ఫోన్ చేశాను.

"ఏంటే, రెండుసార్లు చేశావు?"

"ఏం నేదక్కా. అయిపోనాదా కడగడం?" అంది.

"పూర్తిగా పోయింది. తళతళలాడుతోంది."

"సరే" అని పెట్టేసింది.

నేనా మాట గురించి ఆలోచించలేదు. ఎందుకంటే నా ముందు బల్ల మీద ఉన్నది చూసి నాకు మతి పోయింది. ఆ ముద్దలోంచి ఒక ఆడమనిషి వచ్చింది. కాళ్లు ఎడంగా పెట్టి, ఊగే పలక మీద నిలబడ్డట్టు నిలబడింది. చేతిలో బల్లెం. నడుం దాకా జడ. అచ్చం ఆటలో దేవి. ఎవరో దేవి చెప్పిన వర్ణన విని చెక్కినట్టుంది. ఇంత అదృష్టం ఉంటుందా అనుకున్నాను. ఎవడో దరిద్రుడు పాడుచేసిన బొమ్మని నేను బాగుచేసి దేవికి ఇస్తాను. ఆ తుప్పు మూత పీడ వదులుతుంది. దేవి కళ్లు పెద్దవి చేసుకుని "ఓలమ్మ" అంటుంది. ఆ మాట వినాలని నాకు అప్పుడే ఆత్రం మొదలైంది.

ముందు అడుగు రంగుగా పల్చగా రెడ్ ఆక్సైడ్ కొట్టాను, ఆ తర్వాత బూడిద రంగు. ఓడకైనా బొమ్మకైనా నా పద్ధతి ఒకటే. కోటుకో రంగు మారిస్తే ఎక్కడ వదిలేశామో కనిపిస్తుంది. చీర కుచ్చెళ్లకి సముద్రం నీలం వేశాను, పొద్దున పూట సముద్రం, మధ్యాహ్నంది కాదు. బల్లెం కొసకి వెండి. జడలో ఒక్కో పాయకీ ఒక గీత. ఆఖరికి కళ్లు. ఊపిరి బిగబట్టి, మోచెయ్యి బల్లకి ఆనించి, తెల్ల చుక్కలో నల్ల చుక్క పెట్టాను. ఆమె నా వైపు చూసింది. ఇంతవరకు నేను చేసిన పనుల్లో అంత మంచి పని ఇంకోటి లేదు. ఇప్పుడు ఆ మాట చెప్పడానికి కూడా నాకు రోతగా ఉంది.

ఆ శనివారం దేవి రాలేదు. పనుందని ఒక ముక్క రాసింది. ఆ పై శనివారమూ రాలేదు, ముక్క కూడా రాయలేదు. ఆట మధ్యలో అనిరుధ్ తన ఫోన్ చూసి, "దేవి గ్రూపులోంచి వెళ్లిపోయింది" అన్నాడు. అందరూ నా వైపే చూశారు. మా గుంపులో ఎవరైనా ఎవర్నైనా బాధపెట్టారంటే అది నేనే అయ్యుంటానని వాళ్ల లెక్క. సోడా మూత గురించి నేను మరీ ఎక్కువ సణిగాననీ, అందుకే అలిగిందనీ తేల్చారు. నేనూ అదే అనుకున్నాను. ఆ మూతని దేవి కిందటిసారి మా ఇంట్లోనే మర్చిపోయింది. పారేయబోయి ఆగి, పాచికల డబ్బాలో పడేశాను.

దేవి లేకపోతే ఆట ఆగిపోతుందని నాకు భయం లేదు. దేవి ఇంక మా ఇంటికి రాదేమోనని భయం. నా నోటికి భయపడకుండా మా ఇంట్లోకి వచ్చేది ఆ ఒక్కతే. ఆదివారం పొద్దున్నే బొమ్మని చిన్న డబ్బాలో దూది పెట్టి సర్దుకుని, నేనే పెదజాలారిపేట వెళ్లాను. హ్యాండ్‌బ్యాగ్ లోపలి అరలో ఆ పెచ్చు కవర్ కూడా ఉంది. ఆఫీసులో కొత్త కుర్రాళ్లకి చూపించి నవ్వుకుందామని వేసుకున్నాను.

దేవి ఇంటి దగ్గర లేదు. "వాళ్లయ్యకి టీ అట్టుకెళ్లింది, ఒడ్డుకెళ్లు" అంది పక్కింటి గురువమ్మ, చేపలు ఎండబెట్టుకుంటూ.

సముద్రంలో చేపల వేటకి సర్కారు నిషేధం పెట్టిన రోజులు. నావలన్నీ ఇసుక మీదికి లాగేసి ఉన్నాయి. కొందరు వలలు అల్లుకుంటున్నారు, కొందరు ఇంజన్లు విప్పుకుని కూర్చున్నారు, కొందరు రంగులు వేస్తున్నారు. ఆ రంగులు వేయడం చూస్తే నాకు తల తిరిగింది. కిందటేటి రంగు పెచ్చులూడుతుంటే దాని మీదే కొడుతున్నారు. గాలికి ఇసుక లేచి తడి రంగులో పడుతోంది. కుంచె చూస్తే సగం వెంట్రుకలు రాలిపోయాయి. మా యార్డులో అయితే ఈ ఒడ్డు మొత్తం రిజెక్ట్ అని రాసి గేటు మూసేసేదాన్ని.

ఒక నావ దగ్గర దేవి నాన్న నూకాలుని గుర్తుపట్టాను, ఒకసారి మా ఫ్లాట్‌కి దేవిని దింపడానికి వచ్చాడు. ఆ నావ ఆయన బావమరిదిది, ఇప్పుడు నూకాలు కూడా అందులోనే వేటకెళ్తాడని దేవి ఎప్పుడో చెప్పింది. చివరి పలక మీద నీలం లాగి, డబ్బాలో అడుగున మిగిలిన రంగులో కుంచె తిప్పుతున్నాడు. చుట్టూ పిల్లలు చేరారు. ఒక పిల్ల ప్లాస్టిక్ దువ్వెన చాపింది. నూకాలు దాని మీద ఒక్క దెబ్బ వేశాడు. ఇంకొకత్తి జామెట్రీ బాక్సు చాపింది, దాని మీదా ఒకటి. ఒకడు బ్యాటు, ఒకడు టార్చిలైటు. రంగు చిక్కగా పడి, కారి, అంచుల్లో ముద్దకట్టి వేలాడింది. దువ్వెన పళ్ల మధ్య ఖాళీలన్నీ పూడిపోయాయి.

ఆ పూడిపోయిన ఖాళీలు చూస్తూ ఎండలో నిలబడ్డాను. ఇలాంటి పూడిక నేను ఇంతకుముందే చూశాను.

"ఏంటి మావయ్యా ఇది?" అన్నాను.

"ఓ, దువ్వాడ అమ్మా. రా రా." కుంచె ఎత్తి చూపించాడు. "నావకేసిన రంగు ఇంట్లో పిల్లలకి ముట్టాలమ్మ. మా అయ్య మాకేసీవోడు. నావా, పిల్లలూ ఏరేటి? నావకి రంగేసినప్పుడల్లా ఏదో ఒకటి సాపుతారు, ఓ దెబ్బ ఏసీసి పంపీడమే. మాయమ్మి ఉందా, దానికి ఓ గుడ్డి బొమ్మ ఉండీది. హుద్‌హుద్ తుపానుకి ఊరు ఊరంతా ఒడ్డుకి కొట్టుకొచ్చీసింది కదా, అందుల దొరికింది. కడగనిచ్చీది కాదు. ఎప్పుడూ అదే సాపీది."

డబ్బా ఉన్న హ్యాండ్‌బ్యాగ్‌ని రెండు చేతులతో పట్టుకున్నాను. వెనక అడుగుల చప్పుడైంది. దేవి, చేతిలో టీ ఫ్లాస్కు. నన్ను చూసింది, బ్యాగ్‌ని చూసింది.

"తెచ్చీసినావా?" అంది.

డబ్బా తీసి ఇచ్చాను. మూత తీసి, దూది పక్కకి జరిపి చూసింది. నేను ఎన్ని రోజులుగానో ఊహించుకున్న "ఓలమ్మ" రాలేదు. పెదాలు బిగించింది. శుభ్రమైన మొహాన్ని బొటనవేలితో రుద్దింది, కింద ఇంకేమైనా ఉందేమోనన్నట్టు.

"నీదని చెప్పచ్చు కదే" అన్నాను.

"ఫోనెత్తుంటే సెప్పీదాన్ని. తర్వాత సెప్పి ఏటి లాభం? అప్పటికే కడిగీసినావు."

"కార్తీక్ దగ్గర ఎందుకుంది?"

"ఆడి బల్ల కాడ ఆడినప్పుడు అందరి బొమ్మలూ ఆడి డబ్బాలోనే ఉండీవి. నా బొమ్మ కంపు కొడతందని ఎవులో అన్నారు. ఆ పై వారం డబ్బాలో నేదు. ఎన్నిపాలు అడిగినానో. పోయిందండీ, ఎక్కడో పడిపోయిందండీ అనీవోడు." దేవి ఇసుకలోకి ఉమ్మింది. "అడుగున ఏసీసినాడు."

కంపు. నేనూ అదే మాట రాశాను. గ్రూపులో అందరికీ కనపడేలా, నవ్వుతూ రాశాను. ఇది చేసినవాడి చేతికి డబ్బా ఇచ్చినవాణ్ని తన్నాలన్నాను. ఇది చేసినవాడు నాకు మూడడుగుల దూరంలో స్టీలు గ్లాసులో టీ పోసుకుంటున్నాడు. నా మీద నాకు వేసిన అసహ్యం ఇదివరకు ఏ తుప్పు మీదా వేయలేదు.

"క్షమించవే" అన్నాను.

దేవి బొమ్మ వైపే చూస్తూ మాట్లాడింది. "మా నావ ముదిరిపోనాది. కిందటేడు ఇరగ్గొట్టి కట్టెలకి ఇచ్చీసినాం. మాయమ్మ ఏడిసింది. అయ్య రెండ్రోజులు అన్నం తిన్నేదు. నానేడవనేదక్కా. పోనీలే, మా నావ నా బొమ్మ మీదుంది, ఎప్పుడో ఒకప్పుడు వత్తాది అనుకున్నాను."

అప్పుడు గుర్తొచ్చింది, బ్యాగ్ లోపలి అర. చెయ్యి పెట్టి కవర్ బయటికి తీశాను. మీద నా అక్షరాలు, పెద్దవి, నల్లవి. పెచ్చుని కవర్లోంచి తీసి ఒక్కదాన్నే ఇద్దామని చూశాను గానీ ఆగిపోయాను. గాలికి ఎగిరిపోతే ఇసుకలో ఇంక దొరకదు. దేవి కవర్ అందుకుంది. "ఛండాలం" అని పైకే చదివింది, ల్యాబ్‌లో శాంపిల్ పేరు చదివినట్టు.

"ఇది ఒక్కటే మిగిలింది. గీకే ముందు తీశాను" అన్నాను.

ఆమె కవర్ని ఎండకి అడ్డంగా పట్టుకుని ఒక కన్ను మూసి చూసింది. నేను కోట్లు చూసిన చోటే చూసింది. కింద నుంచి పైకి చదవడం మొదలుపెట్టింది.

"ఇదిగో ఈ నీలం, హుద్‌హుద్ తర్వాతేడు. నావ బాగుసేసి మొదటేసినది. ఈ పసుపు మాయక్క పెళ్లి. మళ్లీ నీలం, ఆ ఏడు సేపలు బాగా పడినాయి, మంచి డబ్బా కొన్నాడు అయ్య. ఎరుపు కరోనా ఏడు, దుకాణాలు నేవు, పక్కోళ్లు మిగిలింది ఇచ్చినారు. తెలుపు అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు. ఈ పచ్చది ఆఖరిది. దీంట్లో సేపనూనె కలిపినాడు, నావ ఇంకో ఏడాది ఆగుతాదని." కన్ను తెరిచింది. "ఆగనేదు."

నూకాలు టీ గ్లాసు పట్టుకుని వచ్చి మా మధ్య నిలబడ్డాడు. కూతురి చేతిలో బొమ్మని చూసి తీసుకున్నాడు. దూరంగా పట్టుకున్నాడు, దగ్గరగా పట్టుకున్నాడు, మళ్లీ దూరంగా.

"ఇది మన గుడ్డిదేటి?" అన్నాడు. "ఓలమ్మ, దీనికి కళ్లున్నాయి. బల్లెం ఉంది. నానిన్నేళ్లూ దీని కళ్లల్లోనే కొట్టీసినాను పాపం." పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను వినాలనుకున్న మాట వచ్చింది, కానీ రావాల్సిన నోటి నుంచి కాదు. దేవి నవ్వలేదు. కూతురి మొహం చూసి నూకాలు నవ్వు ఆపేశాడు. కవర్ని చూశాడు, దాని మీది రాత చదవడం ఆయనకి రాదు. అందులో పెచ్చుని మాత్రం గుర్తుపట్టాడు.

తర్వాత గ్లాసు ఇసుకలో గుచ్చి, బొమ్మని నా చేతిలో పెట్టి, డబ్బా దగ్గరికి వెళ్లాడు.

"కడిగినోళ్లే సాపాలి" అన్నాడు. "సాపమ్మ."

పిల్లలు పక్కకి జరిగి నాకు చోటిచ్చారు. దువ్వెన పిల్ల చెయ్యి ఎలా పట్టాలో నాకు చూపించింది, అరచెయ్యి పైకి. చాపాను. నూకాలు కుంచె ముంచాడు. పలకలకి వాడే కుంచె, నా పిడికిలంత ఉంది. కళ్లు పోకుండా వేద్దామని పాపం తల వంచి, నాలుక పంటి కింద పెట్టుకుని గురి చూశాడు. ఆ కుంచెతో అయ్యే పనా అది. నీలం ఒక్కసారిగా జడ మీద, బల్లెం మీద, భుజం మీద పడి, నుదుటి మీద నుంచి కారి ఒక కన్ను మూసేసింది. నేను ఊపిరి బిగబట్టి పెట్టిన చుక్క. మిగతాది నా వేళ్ల సందుల్లోకి దిగింది, వెచ్చగా, జిడ్డుగా. గాలి వచ్చి పిడికెడు ఇసుక దాని మీద చల్లి వెళ్లింది.

నాకు డోకొచ్చింది. నిజంగానే వచ్చింది, గొంతు దాకా. దేవి నా మొహంలోకే చూస్తోంది, చెయ్యి వెనక్కి తీసుకుంటానేమోనని. మింగేసి అలాగే పట్టుకుని నిలబడ్డాను. నా ఉద్యోగం ప్రకారం అందులో తప్పు కానిది ఒక్కటీ లేదు. ఉప్పు కడగలేదు, పాత కోటు ఆరిందో లేదో చూడలేదు, మందం కొలవలేదు. నూకాలు మాత్రం కుంచె డబ్బా అంచుకి తుడుచుకుని, "సరిపోనాది" అన్నాడు.

బొమ్మని దేవి తీసుకుంది. కవర్ని మడిచి జాకెట్లో పెట్టుకుంది. వస్తానని గానీ రానని గానీ చెప్పలేదు. నేను వేళ్లకి అంటిన రంగుతోనే బండి నడుపుకుంటూ ఇంటికొచ్చాను.

శనివారం అందరికన్నా ముందు వచ్చింది. ఎవర్నీ పలకరించలేదు. సంచిలోంచి బొమ్మ తీసి వంతెన మీద నిలబెట్టింది. ఒంటి కన్ను, ముద్దకట్టిన భుజం, పొర నిండా ఇసుక. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు, వంతెనకి అంటుకుంది. గ్రూపులో నవ్వినవాళ్లు ఇప్పుడు నవ్వలేదు, వాళ్లకి అనిరుధ్ చెప్పేశాడు. దేవి పాచికల డబ్బాలో వెతికి సోడా మూత తీసింది. నా ముందున్న మంత్రగత్తెని, ఆ జరీ శాలువా మంత్రగత్తెని, నెమ్మదిగా తీసి పక్కన పెట్టింది. ఆ చోటులో మూత పెట్టింది.

"నీకింక ఇదేనక్కా" అంది. "నాను తియ్యమన్నదాకా."

అనిరుధ్ కథ మొదలుపెట్టాడు. నా వంతు వచ్చినప్పుడు ఆ మూతని రెండు వేళ్లతో పట్టుకుని ఒక గడి ముందుకు జరిపాను. వేళ్లకి తుప్పు అంటింది.